తలకు పోసుకుంటే మైగ్రేన్ వస్తోంది. తలస్నానం మానేయాలా?

కృష్ణలంక కోడలు:
శుక్రవారం తలకు పోసుకున్నానంటే మధ్యాహ్నానికల్లా ఎడమ కణత పట్టేస్తుంది. వెలుతురు చూడలేను, వాంతయ్యేదాకా వదలదు. నొప్పిని రేపే ట్రిగ్గర్లేవో చూసుకుని వాటికి దూరంగా ఉండమన్నారు డాక్టరు. పూజ రోజు తలస్నానం లేకపోతే ఎలా అంటారు మా అత్తగారు. ఏం చేయమంటారు?

సీతాఫలం:
మానేయండి. బాధపడేది మీరు, అత్తగారు కాదు. నేను చాక్లెట్, అగరుబత్తి, ఎండలో తిరగడం అన్నీ వదిలేశాను. పడనిదాని జోలికి వెళ్ళకపోవడమే మందు.

రాత్రి డ్యూటీ నర్సు:
నేను ఒప్పుకోను. అన్నీ మానుకుంటూ పోతే చివరికి ఇంట్లోంచి కదల్లేం. ముంబయి తలనొప్పి వైద్యులు డాక్టర్ కె. రవిశంకర్ 2006లో తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది గురించి రాశారు. వాళ్ళలో అదొక్కటే కారణమైనవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళకు వేరే ట్రిగ్గర్లు కూడా ఉన్నాయి, కొందరికి అవి దానికి తోడవుతాయి. ఆకలో, ఎండో, నిద్ర చాలకపోవడమో అలాంటివే. కోడలు గారూ, శుక్రవారం పూజయ్యేదాకా ఏమైనా తింటారా? జుట్టు తడిగానే ముడేసుకుని గుడికి వెళ్తారా?
చాక్లెట్ సంగతి కూడా తేలిగ్గా తేల్చకండి. నొప్పికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ముందు రోజే, మెడ పట్టేయడం, ఆవలింతలు, తీపి మీదకు మనసు పోవడం ఉంటాయి. అప్పటికే మైగ్రేన్ మొదలై ఉంటుంది, నింద చాక్లెట్ మీద పడుతుంది.

సీతాఫలం:
చాక్లెట్ సరే. అగరుబత్తి విషయంలో మాత్రం తగ్గను. పొగ తగిలితే చాలు, నాకు మొదలైపోతుంది.

రాత్రి డ్యూటీ నర్సు:
అయితే అది మానేయండి, దాని వల్ల పోయేదేమీ లేదు. తలస్నానం అలా కాదు కదా. గోడ క్యాలెండర్ మీదే రాసుకోండి: ఎప్పుడు తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, నెలసరి ఎప్పుడు, ఏ మాత్ర వేసుకున్నారు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. మాత్రలూ లెక్కపెట్టుకోండి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులో అంతకన్నా ఎక్కువో, మైగ్రేన్ కోసమే ఇచ్చే ట్రిప్టాన్ మాత్రలయితే 10 రోజులో ఎక్కువో, మూడు నెలలు దాటి వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

కృష్ణలంక కోడలు:
పూజయ్యేదాకా కాఫీ కూడా తాగనండీ. తడి జుట్టుతోనే వెళ్తాను. ఈ శుక్రవారం ముందుగా రెండు ఇడ్లీ తిని పోసుకుంటాను, మిగతావేవీ మార్చను. తిని పూజ చేయొచ్చా అని అత్తగారు అడుగుతారు. మీ ఇళ్ళల్లో ఎవరైనా చేస్తారా?