బోధ్‌గయ రావిచెట్టు అసలు ఎవరి పిలక?

నాన్నగారికి పిండప్రదానం చేయడానికి గయ వెళ్లి, అటునుంచి అటే బోధ్‌గయ కూడా చూసొచ్చాం. మహాబోధి ఆలయం వెనక, వజ్రాసనం పక్కనున్న రావిచెట్టు కింద అమ్మ చాలాసేపు కదలకుండా కూర్చుంది. రాలిన ఆకొకటి తెచ్చి దేవుడి గదిలో పెట్టుకుంది.

బుద్ధుడు కూర్చున్న నాటి చెట్టు ఇది కాదని తెలుసు. 7వ శతాబ్దంలో గౌడ (బెంగాల్) రాజు శశాంకుడు నరికించాడనీ, మగధ రాజు పూర్ణవర్మ మళ్లీ బతికించాడనీ చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ రాశాడు. 1876లో గాలివానకు పాత చెట్టు కూలితే, బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ 1881లో ఇప్పటిది నాటించాడు.

నా సందేహమల్లా ఇక్కడే. అది శ్రీలంకలోని అనురాధపురం నుంచి తెచ్చిన మొక్క అని గైడు చెప్పాడు. అశోకుడి కూతురు సంఘమిత్ర బోధ్‌గయ నుంచి అక్కడికి తీసుకెళ్లిన కొమ్మ సంతతే తిరిగి పుట్టింటికి వచ్చిందంటే ఎంత బాగుంటుందో! కానీ కన్నింగ్‌హామ్ రాతల్లో మాత్రం, కూలిన చెట్టు గింజలు సేకరించారనీ, దాని పిల్ల మొక్కలు అప్పటికే ఉన్నాయనీ ఉంది.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చే ఆనాటి పత్రాలు గానీ, రెండు చెట్లనూ పోల్చిన జన్యు పరీక్షలు గానీ ఎవరైనా చూశారా? అమ్మ రోజూ అడుగుతోంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.