‘కొత్తొక వింత, పాతొక రోత’: కస్టమర్ వీడియోలకు ఈ సామెత సరిపోతుందా?

కడప నుంచి ఒక తమ్ముడి ప్రశ్న:

“అన్నా, బట్టల షాపులకు, నూనె గానుగలకు కస్టమర్లతోనే రీల్స్ చేయిస్తుంటా. ఓనర్లు ‘కొత్తొక వింత, పాతొక రోత. ఏదన్నా కొత్తగా చెయ్ నాయనా’ అంటారు. కొత్తగా చేస్తే జనం ‘ఇది యాడ్’ అని తోసేస్తున్నారు. మామూలుగా తీస్తే అసలు ఆగి చూడరు. ఇంతకీ ఈ సామెతకు ఓనర్లు చెప్పే అర్థమేనా? దీన్నే క్యాప్షన్‌గా పెట్టొచ్చా?”

నా జవాబు (అనంతపురం):

తమ్ముడూ, ఓనర్లు దీన్ని సలహాగా వాడుతున్నారు గానీ మన ఇళ్లలో ఇది దెప్పిపొడుపు. చిన్న కోడలు రాగానే పెద్ద కోడలి మీద మోజు తగ్గిన అత్తను అంటారు. కొత్త సైకిల్ కొనివ్వగానే పాతదాన్ని వానకు వదిలేసిన పిల్లవాణ్ణి అంటారు. మనుషుల చూపుకు నిలకడ లేదని తప్పుపట్టే మాట ఇది. కొత్తదే గొప్పదని ఎక్కడా అనడం లేదు. పైగా ఇవాళ్టి వింతే రేపటికి పాత. ఈ మాటను నమ్ముకుని మొదలైన షాపు వారం వారం ఇంకో వింత వెతుక్కోవాల్సిందే. షాపు ముందు డాన్సు అయిపోతుంది, డ్రోన్ షాట్ అయిపోతుంది, ఓనరు చేత సినిమా డైలాగు చెప్పించడం కూడా అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేస్తారు?

ఈ మాట తరాల తరబడి నాలుక మీద ఎట్లా నిలిచిందో చూడు. కొత్త, వింత, పాత, రోత. నాలుగు మాటలూ ‘త’ మీదే ఆగుతాయి, మధ్యలో రెండు చోట్ల ‘ఒక’ అతుక్కుని రెండు సగాలనూ సమంగా తూస్తుంది. చెప్పేది కొత్తదనం గురించే అయినా, చెప్పే తీరు చెవికి బాగా అలవాటైనది. మొదటిసారి విన్నవాడికి కూడా ఎప్పుడో విన్నట్టే ఉంటుంది. రీల్ మొదటి వాక్యం రాసేటప్పుడు ఈ తూకం పట్టుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్తది ఒకవైపు లాగుతుంది, తెలిసినది ఇంకోవైపు లాగుతుంది. ఈ రెంటినీ చదువుకున్నవాళ్లు విడివిడిగా పరిశీలించారు. రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో అచ్చయిన పరిశోధనలో, అర్థం తెలియని మాటలనూ ముక్కూమొహం తెలియని మనుషుల ఫోటోలనూ కొందరికి మళ్లీ మళ్లీ చూపించాడు. ఎక్కువసార్లు కనబడినవాటినే వాళ్లు ఎక్కువ ఇష్టపడ్డారు. అంటే పాత అన్నిసార్లూ రోత కాదు, తెలిసిన మొహం మీద మనకు ఇష్టం పెరుగుతుంది. ఇంకోవైపు రేమండ్ లోవీ ఉన్నాడు. ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో రైలింజన్ల నుంచి సిగరెట్ పెట్టెల దాకా రూపం గీసిన డిజైనర్. వీలైనంత ముందుకు వెళ్లు, అయితే జనం ఒప్పుకునే గీత దాటొద్దు అన్నది ఆయన సూత్రం. మన పనికి ఈ రెండోది బాగా పనికొస్తుంది. అయితే ఆ గీత ఎక్కడుందన్నదే అసలు చిక్కు.

నా లెక్క చెబుతాను. కస్టమర్ వీడియోలో మనిషి, ఇల్లు, మాట, వెలుతురు అన్నీ తెలిసినవిగానే ఉండనీ. కొత్తది ఒక్కటే ఉండాలి. అది సరుకును వాడినవాళ్లకు మాత్రమే తెలిసిన సంగతి అయ్యుండాలి. ఎడిటింగులో అతికించిన కొత్తదనం ఇందుకు పనికిరాదు.

గానుగ నూనె సంగతే తీసుకో. “స్వచ్ఛమైన వేరుశెనగ నూనె, ఆరోగ్యానికి మంచిది” అని ఎవరు చెప్పినా ఫోనులో రీల్స్ జరిపే వేలు ఆగదు. అదే ఒకామె వంటింట్లో నిలబడి, “డబ్బా అడుగున మడ్డి ఉన్నింది. కల్తీ అనుకొని తిరిగిచ్చేద్దామని పోయినా. కదిలించకుండా రెండు దినాలు పెట్టమ్మా, పైన తేరుకుంటాది అన్నారు” అంటే? గానుగ నూనె కొన్న ప్రతి ఇంట్లో ఆ మడ్డి చూసి ఉంటారు, కాబట్టి అది వాళ్ల కథే. కొనని వాళ్లకు అది కొత్త సంగతి. ఓనరు తన నోటితో ఎప్పటికీ చెప్పుకోని సంగతి కూడా. మనదనుకునేది, కొత్తది రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. వీటిని చెరో తట్టలో పెట్టి తూచే అవసరమే రాలేదు.

అందుకే నేను స్క్రిప్టు ఇవ్వను, ప్రశ్నలు ఇస్తాను. కొనేముందు ఏం అనుమానం ఉన్నింది? వాడినాక ఏది అనుకున్నట్టు లేదు? ఇంట్లో వాళ్లు ఏమన్నారు? జవాబుల్లో ప్రతి వాక్యాన్నీ ఒక పరీక్ష పెడతాను: ఇది షాపు ఓనరు కూడా చెప్పగలడా? చెప్పగలిగితే తీసేస్తాను. “క్వాలిటీ సూపర్” పోతుంది. “ధర్మవరం పట్టు బరువని మా కోడలు కట్టుకోదు, దీన్ని మాత్రం ముహూర్తం నుంచి సాయంత్రం దాకా విప్పలేదు” అన్నది నిలుస్తుంది. మామూలుగా తీస్తే ఆగడం లేదన్నావు కదా, కారణం ఇదే. ఇల్లు మనదే, మనిషి మనదే, కానీ ఆమె కొత్తగా చెప్పిందేమీ లేదు. తెలిసిన మొహం ఒక్కటే చాలదు.

కర్నూలు నుంచి తెలుగు సార్ ఒకరు:

“మీరు చెప్పేదానికి ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ దగ్గరగా ఉంది బాబూ. రచ్చ అంటే నలుగురూ కూడే చోటు, రచ్చబండలో ఉన్న రచ్చ. ఇంట్లో నిలబడని మాట నలుగురిలో నిలబడదు. ఇంకొకటి. ‘పాత చింతకాయ పచ్చడి’ అని పాతదాన్ని తీసిపారేస్తాం కదా, మా ఇళ్లలో చింతకాయ పచ్చడి పాతబడేకొద్దీ విలువ. బాలింతకు పథ్యంగా పెట్టేది ఆ పాతదే. నోటి మాట ఒకటి చెప్తుంటే వంటిల్లు ఇంకోటి చెప్తోంది.”

సార్, ‘ఇంట గెలిచి’ నాకు చాలా పనికొచ్చే మాట. వీడియో బయటపెట్టేముందు ఆ మాట్లాడినామె ఇంట్లో వాళ్లకే చూపించమని నా దగ్గర వీడియోలు తీసే పిల్లలకు చెబుతుంటాను. “ఇట్ల మాట్లాడ్తాదా మా అమ్మ?” అని ఆమె కొడుకు అన్నాడంటే ఆ వీడియో అక్కడే ఓడింది. చింతకాయ పచ్చడి సంగతి ఓనర్లకు చెప్పాల్సిన మాట. నమ్మకం కుదిరిన పాత కస్టమర్‌ను వదిలేసి, నిన్న కొన్న కాలేజీ అమ్మాయి చేత చెప్పించాలని చూస్తారు. పదేళ్లుగా కొంటున్నామె దగ్గర ఉన్న సంగతులు ఆ అమ్మాయి దగ్గర ఎట్లా ఉంటాయి?

ప్రొద్దుటూరు నుంచి ఒక అక్క:

“మాది చీరల షాపే. మా మాటలో మాట్లాడిస్తే చదువురానోళ్లు అనుకుంటారని మా ఆయన భయం. ‘చాలా అద్భుతంగా ఉందండి’ అనిపిస్తాడు. ఏం చేయాల తమ్ముడూ?”

అక్కా, నాకు మనసుకు బాగా దగ్గరైన విషయం ఇది. మన దిక్కున చీర చూసి “అద్భుతంగా ఉందండి” అనేవాళ్లు ఎందరున్నారు? “శానా బాగుంది మ్మా” అంటాం, లేదంటే చేత్తో తడిమి ఊరుకుంటాం. ఆ తడమడం చూపించినా చాలు. రాసిచ్చిన మాట నోట్లోకి రాగానే మనిషి మెడ బిగుసుకుంటుంది, కళ్లు ఫోను వెనకాల నిలబడిన వాడి కోసం వెతుకుతాయి. చూసేవాళ్లు అర సెకనులో పట్టేస్తారు. సరుకు మంచిదైనా మాట అరువుదని తెలిసిపోతుంది. మన మాటకు సిగ్గుపడాల్సిన పని లేదక్కా, ప్రొద్దుటూరుకు బంగారానికీ బట్టలకూ వచ్చేవాళ్లు మాట్లాడేదీ ఆ మాటే.

అయితే దీనికి రెండో వైపు ఉంది. సీమ మాట అనగానే సినిమాల్లో తొడ కొట్టే గొంతు తెచ్చిపెట్టే ఎడిటర్లు ఉన్నారు. ప్రతి వాక్యం చివర ‘అప్పా’, ప్రతి మాటకూ ఒక అరుపు. ఆ యాస ఏ ఇంట్లోనూ లేదు. మడకశిర, రాయదుర్గం పక్క మాటలో కన్నడం కలుస్తుంది, ఆదోనిలో ఉర్దూ కలుస్తుంది, కడప టౌన్ ఉర్దూ కలయిక ఇంకో రకం. ‘సీమ యాస’ అని ఒకే మూసలో పోస్తే ముగ్గురికీ పరాయిదైపోతుంది. యాసను వింతగా చూపించడం కూడా ఆ ‘కొత్తొక వింత’ జబ్బే. ఆమె ఎట్లా మాట్లాడితే అట్లా వదిలేయండి, సరిదిద్దొద్దు, యాసను ఇంకా చిక్కగానూ చేయొద్దు. కింద అక్షరాల్లో వేసేటప్పుడు కూడా ఆమె అన్న మాటే వేయండి. నోరు “ఉన్నింది” అంటుంటే కింద “ఉంది” అని పడితే చదివేవాడికి తేడా కొడుతుంది.

కడప తమ్ముడు మళ్లీ:

“అర్థమైందన్నా. మరి కస్టమర్‌కు చీర ఉచితంగా ఇచ్చి చేయిస్తే? యాడ్ అని రాస్తే ఆ ‘మనోళ్లు’ అనే భావం పోదా?”

రాసి తీరాలి తమ్ముడూ. మన దేశంలో ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి ఆస్కీ 2021లో దీని మీద నియమాలు పెట్టింది. డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా లెక్కలోకి వస్తుంది. వీడియో 15 సెకన్లు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ‘ఇది యాడ్’ అని చెప్పే లేబుల్ కనీసం 3 సెకన్లు కనబడాలి. అంతకు మించి 2 నిమిషాల లోపైతే వీడియో నిడివిలో మూడో వంతు కనబడాలి. లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ ప్రకటన ఉన్న భాషలో గానీ ఉండొచ్చు, చూసేవాళ్లకు సులువుగా అర్థం కావాలి. కాబట్టి తెలుగు వీడియోకు ‘ప్రకటన’ అని తెలుగులోనే వేయొచ్చు. ‘కొలాబ్’ (కొలాబరేషన్‌కు పొట్టి మాట) అని హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచడం లేబుల్ కాదు. ఇక తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. మొదటిసారికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

భావం పోతుందన్న భయం నాకు లేదు. మా దగ్గర ఒకామె లేబుల్ పెట్టి, పైగా నోటితో కూడా చెప్పింది: “ఈ చీర వాళ్లే ఇచ్చినారు. ముందు రెండు నేనే దుడ్లు పెట్టి కొన్నా, అందుకే ఒప్పుకున్నా.” ఆ రెండు వాక్యాలూ వీడియో మొదటికి తెచ్చాం.

క్యాప్షన్ సంగతి మర్చిపోయాను అనుకోకు. ‘కొత్తొక వింత’ పెట్టొద్దు. దాని చివర ‘రోత’ ఉంది, పాత కస్టమర్ల మొహాల కింద ఆ మాట పడకూడదు. వాళ్లు మాట్లాడినదాంట్లోంచే ఒక ముక్క తీసి పెట్టు. గానుగ వీడియోకైతే నేను “అడుగున మడ్డి ఉన్నింది” అనే పెడతాను.