అప్‌డేట్: నాన్న మానసిక చికిత్స వివరాలు ఏజెన్సీకి చెప్పేసిన ఆసుపత్రి సంగతి

మా నాన్న నేవీలో రిటైరయ్యాక వైజాగ్‌లోనే సెక్యూరిటీ సూపర్‌వైజర్. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. నాన్న పనిచేసే సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి అడిగితే ఆసుపత్రి వాళ్లు జబ్బు పేరుతో సహా చెప్పేశారు, దాంతో ఏజెన్సీ డ్యూటీ ఆపేసింది. ఇక ఏ డాక్టర్ దగ్గరికీ రానని నాన్న మొండికేశారు. ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగింది అందుకే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్సండీ.

పనిచేసింది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. సెక్షన్ 23 గోప్యత హక్కు, 25 మన రికార్డులు మనం తీసుకునే హక్కు. సెక్షన్ 28 ప్రకారం ముందు ఆసుపత్రి ఇన్‌ఛార్జి డాక్టరుకే ఫిర్యాదు ఇవ్వాలి, తేలకపోతే ఈ చట్టం కింద ఏర్పాటయ్యే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకి. నాన్న సంతకంతో రాసిచ్చి, రసీదు ముద్ర వేయించుకున్నాం. బోర్డు దాకా వెళ్లక్కర్లేకుండానే తప్పు ఒప్పుకుని లెటర్ ఇచ్చారు. అది చూపించాక ఏజెన్సీ మళ్లీ డ్యూటీలోకి తీసుకుంది.

సమాచార హక్కు దరఖాస్తు ప్రైవేటు ఆసుపత్రి మీద పనికిరాలేదు. పెన్షన్ ఆగుతుందన్న భయం కూడా ఉత్తదే, దానికీ దీనికీ సంబంధం లేదు.

నాన్నని కదిలించింది మాత్రం టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ముఖం చూపించక్కర్లేదు కాబట్టి ఆయన నోరు విప్పారు. మా నాన్న అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. యుద్ధనౌకలో జరిగిన ప్రమాదం తాలూకు పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య) అని ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో తేల్చారు. కౌన్సెలింగ్ నడుస్తోంది.