మే నెలాఖరులో దుబాయ్ ప్రయాణం: పెట్టెలో ఏమి సర్దుకోవాలి, ఏమి వదిలిపెట్టాలి?

ప్రశ్న (అనంతపురం నుండి)

సభ్యులందరికీ నమస్కారం. పిల్లల వేసవి సెలవులు ముగిసేలోగా, మే నెల చివరి వారంలో, కుటుంబమంతా దుబాయ్ చూసి రావాలని నిర్ణయించుకున్నాము. నేను, నా భార్య, పదకొండేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, మా అమ్మగారు బెంగళూరు నుండి విమానం ఎక్కుతున్నాము. టికెట్లు, వీసాలు, హోటలు అన్నీ కుదిరాయి గానీ సర్దుకునే విషయంలో మాత్రం ఇంట్లో ఎవరి మాట వారిదిగా ఉంది. "పుట్టి పెరిగిందే అనంతపురం ఎండలో, ఆ ఎండ మనకేమి కొత్త" అని అమ్మ అంటారు. నా భార్య పూటకొక జత చొప్పున లెక్క వేసుకుని రెండు పెద్ద పెట్టెలు దించింది. అమ్మకు షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి; రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు. బట్టలు, మందులు, తినుబండారాలలో ఏవి తప్పనిసరో, ఏవి అక్కడికి తీసుకుపోకూడదో తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి. అక్కడ పనిచేస్తున్న తమ అబ్బాయికి ఒక సంచి అందజేయమని మా వీధిలోని వారు అడుగుతున్నారు. దాని గురించి కూడా సలహా ఇవ్వండి.

జవాబు (కర్నూలు నుండి)

తమ్ముడూ, మా అమ్మాయి సంసారం అక్కడే కాబట్టి నాకు తెలిసినది వ్రాస్తున్నాను. ముందుగా అమ్మగారి మాట గురించి చెప్పాలి. ఉష్ణమాపకంలోని అంకె చూస్తే ఆమె అన్నది నిజమే. మే చివరలో దుబాయ్‌లోనూ నలభై డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, కర్నూలుకూ అనంతపురానికీ అది కొత్త కాదు. అయితే మన ఎండ పొడి ఎండ. ఒంటికి పట్టిన చెమట వెంటనే ఆరిపోతుంది, ఆ ఆరడంలోనే ఒళ్ళు చల్లబడుతుంది. మట్టి కుండలో నీళ్ళు చల్లబడేదీ, ఇంట్లో కూలరు పనిచేసేదీ ఈ లెక్క మీదే. దుబాయ్ ఎడారి నగరమే అయినా సముద్రపు ఒడ్డున ఉన్నది కాబట్టి వేసవి ముదిరేకొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది, అప్పుడు చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, రాత్రి పొద్దుపోయాక కూడా ఉక్కపోత తగ్గదు. అక్కడి ప్రభుత్వమే జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు గంటల దాకా ఆరుబయట పనులు చేయించరాదని నియమం పెట్టింది. మీరు వెళ్ళేది దానికి కొంచెం ముందే అయినా, ఆ వేళకు ఆరుబయట తిరిగే కార్యక్రమమేదీ పెట్టుకోకండి.

బట్టల విషయం దీనితోనే తేలిపోతుంది. పలుచని, వదులైన నూలు బట్టలు, లేత రంగులవి తీసుకోండి. జీన్సు ప్యాంట్లు బరువు, తడిస్తే ఆరవు. విమానంలో వేసుకునేది తప్ప వేరే అక్కరలేదు. పూటకొక జత అవసరం లేదని మీ ఇంటావిడకు నా మాటగా చెప్పండి. పలుచని బట్టలు రాత్రి ఉతికి స్నానాలగదిలో ఆరేస్తే ఏసీ గాలికి తెల్లవారేసరికి ఆరిపోతాయి. అందుకు ఒక చిన్న సబ్బుబిళ్ళ, రెండు మూరల తాడు చాలు. చీరల మీద నాకు ప్రేమే గానీ, ఎస్కలేటర్లు, మెట్రో, ఇసుకతిన్నెలు ఉన్న ఊరికి పంజాబీ డ్రెస్సులే హాయి. అమ్మగారికి మాత్రం అలవాటైన నూలు చీరలే ఉండనివ్వండి, ఈ వయసులో కొత్త వేషం వేయించకండి.

ఇక చాలామంది నవ్వుతారు గానీ, ప్రతి ఒక్కరికీ ఒక పలుచని స్వెటరో శాలువో తప్పనిసరి. మాల్స్‌లో, మెట్రోలో, బస్సుల్లో ఏసీ ఎంత గట్టిగా వేస్తారంటే, బయట చెమటతో తడిసిన పిల్లలు లోపలికి అడుగుపెట్టగానే వణికిపోతారు. వీటిని పెట్టెలో పెట్టి ప్రయోజనం లేదు, రోజూ చేతిసంచిలో ఉండాలి. చిన్న తుండు ఒకటి కూడా ఉంటే ఏసీలోకి వెళ్ళేముందు పిల్లల మెడ, వీపు తుడవవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకునేవారికి ఇంకొక ముచ్చట: ఏసీ నుండి బయటికి రాగానే అద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనబడదు, కాబట్టి మెట్ల దగ్గర అమ్మగారి చేయి పట్టుకోండి.

ఎండ టోపీలు, నల్లద్దాలు, ఎస్పీఎఫ్ 30కి తక్కువ కాని సన్‌స్క్రీన్ పిల్లలకు కూడా తీసుకోండి; అది రెండు గంటలకొకసారి మళ్ళీ పూస్తేనే పనిచేస్తుంది. నీళ్ళ సీసా ఎవరిది వారికి ఉండాలి. మెట్రోలో మాత్రం నీళ్ళు తాగినా, బిస్కెట్టు తిన్నా వంద దిర్హాముల జరిమానా ఉంటుంది, ఆరేళ్ళ పాపకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. గ్లోబల్ విలేజ్, మిరకిల్ గార్డెన్ చలికాలపు ప్రదర్శనలు. వేసవి వేడికి మూసివేస్తారు కాబట్టి మీరు వెళ్ళే రోజులకు అవి తెరిచి ఉన్నాయో లేదో ముందుగా చూసుకోండి.

జవాబు (అనంతపురం నుండి, మందుల దుకాణదారు)

అన్నగారూ, మందుల విషయంలో ఆ దేశపు చట్టాలు చాలా కఠినమైనవి. కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రామడాల్ కలిసిన నొప్పి మాత్రలు, నిద్రకు వాడే ఆల్ప్రజోలామ్, డయజిపామ్ వంటివి అక్కడ నియంత్రణలో ఉన్నాయి. షుగరు ఉన్నవారికి అరికాళ్ళ మంటకు మన వైద్యులు తరచుగా వ్రాసే ప్రీగాబలిన్ కూడా ఆ జాబితాలోనిదే. అమ్మగారి మోకాళ్ళ నొప్పి మాత్రల అట్ట మీద చిన్న అక్షరాలలో ఉన్న అసలు మందు పేరు చదవండి. కంపెనీ పెట్టిన పేరును బట్టి ఏమీ తెలియదు. ఇటువంటివి ఏవైనా ఉంటే, వాటికి బదులుగా వేరే మందు వాడవచ్చునేమో మీ వైద్యుడిని అడగండి. తప్పదంటే ప్రయాణానికి ముందే ఆ దేశపు ప్రభుత్వం వద్ద ఆన్‌లైన్‌లో అనుమతి పొందాలి. మిగిలిన మందులన్నిటికీ అసలు పేర్లు ఆంగ్లంలో వ్రాసిన చీటీ, వైద్యుని సంతకం, ముద్రతో ఉండాలి. మాత్రలను అట్టల నుండి విడదీసి డబ్బాలో పోసి తీసుకుపోవద్దు.

ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే పెట్టుకోవాలి. సామాను అరలో అది గడ్డకట్టినా, పెట్టె వేరే ఊరికి వెళ్ళిపోయినా ఇబ్బందే. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. నీళ్ళలో తడిపి వాడే చల్లసంచులు మన వద్ద దొరుకుతాయి, అనంతపురంలో అవి చక్కగా పనిచేస్తాయి. అయితే అవి కూడా నీరు ఆవిరి కావడం మీదే ఆధారపడినవి. పైన అక్కగారు కుండ గురించి చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది, తేమ ఎక్కువైన చోట అవి అంతగా చల్లబడవు. అందుచేత బయట తిరిగేటప్పుడు మంచుజెల్ ఉన్న మందపాటి సంచి వాడండి, జెల్ నేరుగా మందుకు తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి, హోటలు గదిలో ఫ్రిజ్ ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. బెంగళూరుకు కారులో వెళ్ళేటప్పుడే ఈ జాగ్రత్త మొదలుకావాలి. భోజనానికి ఆగినప్పుడు ఆ సంచిని ఎండలో నిలిపిన కారులో వదిలివేయరాదు. ఓఆర్ఎస్ పొట్లాలు పిల్లల కోసం కొన్ని ఉంచండి. అమ్మగారికి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి కాబట్టి అవి ఇవ్వవచ్చునో లేదో ఆమె వైద్యుడే చెప్పాలి.

జవాబు (కడప నుండి)

గల్ఫ్‌కు వెళ్ళివచ్చే మనుషులు లేని వీధి మా వైపు అరుదు కాబట్టి ఆ సంచి గురించి నేను చెబుతాను. సీలు వేసిన పొట్లాన్ని చూడకుండా తీసుకుపోవడానికి ఏ కారణం చేతనూ ఒప్పుకోకండి. వారు మంచివారే కావచ్చు, వారికి ఆ పొట్లం ఇచ్చినవారు ఎవరో మీకు తెలియదు కదా. లోపల మత్తుపదార్థమో నిషేధిత మందో దొరికితే అది ఎవరి సంచిలో ఉందో వారే నేరస్థులు. నాకు తెలియదంటే అక్కడ వినేవారు ఉండరు. ప్రతి వస్తువునూ విప్పి చూసి మీ చేతులతో సర్దుకుంటామంటే ఒప్పుకున్నప్పుడే తీసుకోండి. మొహమాటపడితే మీ వెంట ఉన్నది ముసలి తల్లి, చిన్నపిల్లలు అన్న సంగతి గుర్తుంచుకోండి.

అటువంటి సంచుల్లో తరచుగా కనబడే మసాలా పొడి కూడా ప్రమాదమే, ఎందుకంటే గసగసాలకు ఆ దేశంలో నిషేధం ఉంది. నాటుకోడి కూరకని ఇంట్లో కొట్టిన మసాలాలో గసగసాలు వేయడం మనకు మామూలే. చిటికెడు ఉన్నా ఆ డబ్బా ఇక్కడే వదిలివేయండి. ఎండు కొబ్బరి చిప్పలు నూనె వల్ల త్వరగా అంటుకుంటాయన్న కారణంతో విమానం పెట్టెల్లోకి అనుమతించరు.

తినడానికి చెనిక్కాయ పొడి, పప్పుల పొడి, నిప్పట్లు, కరకరలాడే జొన్నరొట్టెలు చాలు. ఊరగాయ ఎంతో ఇష్టమైతే కొంచెం, నూనె కారకుండా గట్టిగా మూసి, పెద్ద పెట్టెలోనే పెట్టండి, చేతిసంచిలో ఉంటే తీసివేస్తారు. ఓళిగలు ఆ వేడికి రెండో రోజుకే బూజు పడతాయి, వద్దు. కరామాలోనూ బర్ దుబాయ్‌లోనూ మన దక్షిణాది భోజనం దొరుకుతుంది కాబట్టి వారానికి సరిపడా వంటసామాను మోయడం దండగ.

ప్రశ్నించినవారి అనుబంధ సందేహం (అనంతపురం నుండి)

అందరికీ కృతజ్ఞతలు. అమ్మ మాత్రల్లో ప్రీగాబలిన్ ఉన్నది, రేపే వైద్యుడిని కలుస్తాము. ఆ సంచి వారికి కూడా విప్పి చూస్తేనే తీసుకుంటామని చెప్పాము, ఆలోచించుకుని చెబుతామన్నారు. ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. పిల్లలు నీటి ఆటల పార్కుకు వెళ్ళాలంటున్నారు, అబూధాబీలోని పెద్ద మసీదు చూడాలని ఉంది, ఒక సాయంత్రం ఎడారి సఫారీ కూడా ఉంది. వీటికి విడిగా ఏమైనా కావాలా?

జవాబు (కర్నూలు నుండి)

నీటి పార్కుల్లో నూలు బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వరు, ఈత కోసం కుట్టిన నైలాన్ బట్టలే ఉండాలి. మన ఆడవారు చుడీదారుతో దిగుదామనుకుంటారు, అది కుదరదు. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు దొరుకుతాయి, అవి ఇక్కడే కొనుక్కుంటే ధర కలిసివస్తుంది. షేక్ జాయెద్ మసీదులో ఆడవారు తలపై ముసుగుతో, మణికట్టు నుండి చీలమండల దాకా కప్పే, ఒళ్ళు కనబడని బట్టల్లో ఉండాలి. మగవారు నిక్కర్లతో వెళ్ళరాదు. పొడుగు చేతుల పంజాబీ డ్రెస్సు, పెద్ద చున్నీ ఒకటి పెట్టుకుంటే మీ ఇంటావిడకు సరిపోతుంది. అమ్మగారికి చీర మీదికి పొడుగు చేతుల రవిక, కప్పుకోవడానికి శాలువా ఉండాలి.

సఫారీలో ఇసుకతిన్నెల మీద బండి ఎగిరెగిరి పడుతుంది. మోకాళ్ళు, నడుము నొప్పి ఉన్నవారికి అది మంచిది కాదు. అమ్మగారిని నేరుగా విడిదికి చేర్చే బండి ఉందేమో నిర్వాహకులను ముందే అడగండి, లేకపోతే ఆ సాయంత్రం మీ ఇద్దరిలో ఒకరు ఆమెతో హోటల్లో ఉండిపోండి. పిల్లలకు బండి ఎక్కడానికి రెండు గంటల ముందు కడుపునిండా పెట్టకండి, వాంతుల కోసం ప్లాస్టిక్ సంచులు దగ్గర ఉంచండి. బూట్లు వేస్తే ఇసుక నిండుతుంది, సులువుగా విప్పే చెప్పులు మేలు.

జవాబు (అనంతపురం నుండి, మందుల దుకాణదారు)

ఒక్క చిన్న విషయం చేర్చుతాను. అక్కడి ప్లగ్గులకు మూడు చదరపు కాళ్ళు ఉంటాయి, మన ఛార్జర్లు అక్కడి సాకెట్లలో దూరవు. కరెంటు మాత్రం మనలాగే 230 వోల్టులు కాబట్టి మామూలు అడాప్టరు సరిపోతుంది. రెండు కొని, వాటికి మన ఊరి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తగిలిస్తే ఐదుగురి ఫోన్లకూ చాలు. పవర్ బ్యాంకు మాత్రం పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.