సైనిక వైద్యుడిగా పనిచేసిన మా నాన్నగారి సేవా వివరాలు ఎక్కడ అడగాలి?

నమస్కారం. మాది హనుమకొండ. వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ పూర్తిచేసి, షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ల పరిమిత కాలానికి అధికారిగా నియామకం) మీద ఆర్మీ మెడికల్ కోర్ (ఏఎంసీ)లో చేరి, తిరిగొచ్చాక ఇక్కడే దవాఖానా నడిపిన మా నాన్నగారు నిరుడు కాలం చేశారు. 1971 డిసెంబరు యుద్ధంలో తూర్పు సరిహద్దున ఒక ఫీల్డ్ అంబులెన్స్‌లో (సైన్యం వెంట సాగే వైద్య యూనిట్‌లో) ఉన్నానని చెప్పేవారే గానీ, అది ఏ నంబరు యూనిట్, ఏ దారిన ముందుకు సాగింది అని అడిగితే అక్కడి చెరువు చేపల రుచి గురించి చెప్పి మాట దాటేసేవారు.

ఆయన ఇనుప ట్రంకులో పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ దొరికాయి. పూర్వీ స్టార్ తూర్పు రంగంలో పనిచేసినవారికి ఇచ్చేదే కనుక అంతవరకు స్పష్టమే. పతకం అంచున చెక్కిన పేరు చాలా వరకు అరిగిపోయింది. సర్వీసు నంబరు ముందుండే ఎంఎస్ అన్న అక్షరాలు, వాటి పక్కన కొన్ని అంకెలు మాత్రం భూతద్దంలో ఆనుతున్నాయి. సైన్యం నుంచి విడుదలైనప్పటి పత్రాలు ఇంట్లో లేవు.

జవాన్ల రికార్డులు లక్నోలోని ఏఎంసీ రికార్డ్స్‌లో ఉంటాయి. మరి కమిషన్డ్ అధికారి సేవా వివరాల కోసం వారసులు ఎవరికి దరఖాస్తు చేయాలి? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్ళడం మేలా, సమాచార హక్కు చట్టం కింద నేరుగా అడగడం మేలా? పూర్తి సర్వీసు నంబరు లేకుండా, పేరు, పుట్టిన తేదీ, కళాశాల వివరాలతో వెతుకుతారా? ఇది పింఛను కోసమో, మరే సొమ్ము కోసమో కాదు. ఆయన ఎక్కడెక్కడ పనిచేశారో మా పిల్లలకు రాసిపెట్టాలని మాత్రమే. ఇలాంటి దరఖాస్తు చేసి జవాబు పొందినవారు ఎవరైనా ఉంటే, ఏయే కాగితాలు జతచేశారో దయచేసి తెలుపగలరు.