216వ నంబరు నేషనల్ హైవే మీద బోర్డు 60 అంటుంది, బళ్ళన్నీ 80లో పోతాయి: ఏది లెక్క?

కోటిపల్లి రేవు:
యానాం వైపు నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా ఎక్కడ చూసినా ఇదే వరస. బోర్డు చూసేవాడు లేడు. కెమెరా కనబడితే బ్రేకు, దాటగానే మళ్ళీ తొక్కుడు. ఎదురొచ్చేవాళ్ళు లైట్లు కొట్టి మరీ "ముందు పోలీసులున్నారు" అని చెప్పి పుణ్యం కట్టుకుంటారు. తెలిసినవాళ్ళు మూడు విషయాలు తేల్చండి. నేషనల్ హైవే కాబట్టి కారుకి 100 దాకా పర్లేదంటారు, నిజమేనా? అందరూ 80లో పోతుంటే ఒక్కడు 60లో పోవడమే ప్రమాదం అంటారు, అందులో పస ఉందా? మీటరు ఎలాగూ నాలుగైదు ఎక్కువే చూపిస్తుంది కదా, ఆ ధీమాతో కాస్త తొక్కొచ్చా?

గేరుపుల్ల:
హైవే నంబరుకీ వేగానికీ సంబంధం లేదండీ. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ చూసేది రోడ్డు రకాన్ని. మధ్యలో డివైడరు ఉండి నాలుగు వరసలో అంతకంటే ఎక్కువో ఉంటేనే కారుకి 100. మునిసిపాలిటీ హద్దుల్లో 70, మిగతా రోడ్లన్నిటి మీదా 70. డివైడరు లేని రెండు వరసల 216 ఈ "మిగతా" కిందకే వస్తుంది. అదే రోడ్డు మీద లారీకి 60, బస్సుకి 60, మోటారు సైకిలుకి 60, ఆటోకి 50.

పైగా ఇవి గరిష్ఠాలు మాత్రమే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద ఇంకా తగ్గించి బోర్డు పెట్టే అధికారం రాష్ట్రానికి ఉంది. అప్పుడు బోర్డు మీదున్న అంకే చెల్లుతుంది. దాటితే 183వ సెక్షన్. 2019 సవరణ తర్వాత తేలికపాటి బళ్ళకి 1000 నుంచి 2000, మధ్యరకం, భారీ బళ్ళకి 2000 నుంచి 4000 రూపాయలు. రెండోసారి దొరికితే లైసెన్సు మీదకే వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, రావులపాలెం దగ్గర 16వ నంబరు హైవే దిగి అమలాపురం రోడ్డెక్కగానే 100 కాస్తా 70 అయిపోతుంది, కాలు మాత్రం ఇంకా 100 దగ్గరే ఉంటుంది. గంటసేపు నాలుగు వరసల మీద నడిపినవాడికి 80 అంటే పాకుతున్నట్టే అనిపిస్తుంది. దిగిన మొదటి ఐదారు కిలోమీటర్లు రోడ్డుని నమ్మకుండా మీటరునే చూసుకోవాలి.

బ్రేకుల సూరి:
రెండో ప్రశ్నకి లెక్క వేసి చూద్దాం. అడ్డం కనబడ్డాక కాలు బ్రేకు మీద పడడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి. 60లో ఆ లోపే 25 మీటర్లు వెళ్ళిపోతాం. పొడి తారు మీద గట్టిగా తొక్కితే ఇంకో 20. మొత్తం 45 మీటర్లు. అదే 80లో 33, 36 కలిపి 69 మీటర్లు.

అసలు విషయం ఇక్కడుంది: 60లో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయిన ఆ 45వ మీటరు దగ్గర, 80లో వచ్చిన కారు ఇంకా 65 వేగంతో ఉంటుంది. ఇరవై తేడా కాస్తా అరవై ఐదు అయింది. వాన పడితే బ్రేకు వేశాక పట్టే దూరం ఇంచుమించు రెట్టింపు.

రాత్రి డిప్పులో లైటు వెలుగు 50 మీటర్ల చుట్టుపక్కలే. అంటే రిఫ్లెక్టరు లేని గడ్డి ట్రాక్టరు ముందుంటే, 80లో వచ్చేవాడికి అది కనబడేసరికే ఆలస్యం అయిపోయింది.

ఇంతా చేసి మిగిలేదెంత? పది కిలోమీటర్లకి రెండున్నర నిమిషాలు. అదీ మధ్యలో ఒక్క ఊరూ తగలకపోతే.

లాకులదారి:
సూరి గారి లెక్క తిన్నని రోడ్డుకి. మన కాలవ గట్ల మీద మలుపులే అసలు సంగతి. లాకుల దగ్గరో వంతెన దగ్గరో రోడ్డు ఒక్కసారిగా తిరుగుతుంది. 60 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకోండి. బయటి అంచు ఎత్తుగా ఉండేలా రోడ్డు వాలు సరిగ్గా వేసి ఉంటే దానికి తగిన వేగం 40. వాలు లేకపోతే 35 కూడా లేదు. అక్కడ 70లో తిప్పితే పొడి రోడ్డు మీద కూడా టైరు పట్టు చివరికొచ్చేస్తుంది. మలుపుకి బయటి వైపు కాలవ ఉంటుంది కాబట్టి జారిన బండి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. బ్రేకు మలుపుకి ముందే అవ్వాలి, తిప్పుతూ తొక్కకూడదు.

కోతల కాలంలో సగం రోడ్డు ధాన్యానిదే. బరకం అంచున పెట్టిన రాళ్ళు రాత్రిపూట కనబడవు, టైరు కింద గింజలు గోళీల్లా దొర్లుతాయి. భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి కారే ఐసునీళ్ళతో రోడ్డు ఎండాకాలంలో కూడా తడే. ఇవేవీ బోర్డు మీద రాయరు. నన్నడిగితే గట్టు రోడ్డు మీద 50 దాటడం అనవసరం.

కోటిపల్లి రేవు:
సరేనండీ, మరి 60లో పోతుంటే వెనకోడు హారన్ కొట్టి చంపేస్తాడే? కెమెరా, మీటరు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

గేరుపుల్ల:
వేగాల మధ్య తేడా ప్రమాదమే, ఆ మాట కొట్టిపారేయను. దానికి మందు మనమూ 80 ఎక్కడం కాదు. ఎడమ అంచుకి జరిగి, వేగం మార్చకుండా, వాడిని పోనివ్వండి. మనం దాటాల్సి వస్తే మాత్రం లెక్క చూసుకోండి. 50లో పోయే లారీని 70లో దాటడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. ఎదురుగా 80లో ఎవరైనా వస్తుంటే 400 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. గట్టు రోడ్డు మీద అంత దూరం కనబడడమే అరుదు. లారీవాడు కుడి ఇండికేటరు వేశాడని దూరకండి. "దాటిపో" అనైనా కావచ్చు, "నేను కుడికి తిరుగుతున్నా" అనైనా కావచ్చు.

కెమెరా ఉన్నచోట ముందే హెచ్చరిక బోర్డు ఉండాలని, నోటీసు 15 రోజుల్లోపు పంపాలని 2021లో వచ్చిన 167ఏ నియమం చెబుతుంది. తప్పుగా పడిందనుకుంటే ఈ రెండూ, ఫొటోలో నంబరు ప్లేటు, తేదీ, సమయం చూసుకుని ఫిర్యాదు పెట్టండి. చేతిలో పట్టుకునే లేజరు గన్ను వందల మీటర్ల దూరం నుంచే కొలుస్తుంది. మనకి పోలీసు కనబడ్డాక వేసే బ్రేకు ఫొటోలో అందంగా పడడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

బ్రేకుల సూరి:
మీటరు ఎప్పుడూ తక్కువ చూపించకూడదన్నది తయారీలో నియమం, అందుకే కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఎక్కువో బండిని బట్టి మారుతుంది. తిన్నని రోడ్డు మీద 60 దగ్గర నిలకడగా ఉంచి, పక్కవాళ్ళని ఫోన్‌లో జీపీఎస్ వేగం చూడమనండి, తేడా తెలిసిపోతుంది. టైరు సైజు మార్చినవాళ్ళకి ఆ ధీమా కూడా ఉండదు. 185/65 ఆర్15 తీసి 195/65 ఆర్15 వేస్తే చక్రం 2 శాతం పెద్దదవుతుంది, అంతమేరకు మీటరు వెనకబడుతుంది. 2019 జూలై తర్వాత తయారైన కార్లలో 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా బీప్ వస్తుంది. మన రోడ్లకి 80 ఎక్కువే. కొన్ని కార్లలో సెట్టింగ్స్‌లోకెళ్ళి సొంత హెచ్చరిక పెట్టుకోవచ్చు, దాన్ని 60కి దించండి.