అప్‌డేట్: రోజుకు పావుగంట ముందుకు పరిగెత్తిన పాత కీ వాచీ బాగైంది

ఉన్నట్టుండి రోజుకు పావుగంట ముందుకు పోతున్న 17 జ్యువెల్స్ (ఇరుసుల దగ్గర రాపిడి తగ్గించే చిన్న రాళ్లు) ఉన్న కీ వాచీ గురించి ఇక్కడే అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇలాంటి సమస్యతో వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం చివరికి తేలింది రాస్తున్నాను.

ఎక్కువమంది అయస్కాంతం పట్టిందన్నారు. దిక్సూచి పక్కన పెడితే ముల్లు కదల్లేదు, డీమాగ్నెటైజర్ (అయస్కాంతత్వం పోగొట్టే పరికరం) వాడినా తేడా రాలేదు. "హెయిర్‌స్ప్రింగ్‌కి నూనె అంటిందేమో" అన్న ఒక్కరి మాటే నిజమైంది. హెయిర్‌స్ప్రింగ్ అంటే వాచీ వేగాన్ని నిర్ణయించే బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊగేలా చేసే చుట్ల స్ప్రింగ్.

రిపేర్ చేసే ఆయన వెనక మూత తీసి, భూతద్దంలోంచి నన్నే చూడమన్నారు. వెంట్రుకంత సన్నటి ఆ స్ప్రింగ్‌లో బయటి రెండు చుట్లు జిగురు పెట్టినట్టు అతుక్కుని ఉన్నాయి. చుట్లు అతుక్కుంటే స్ప్రింగ్ పొడవు తగ్గినట్టే. దాంతో బ్యాలెన్స్ చక్రం వేగంగా ఊగుతుంది, గంటకు 18,000 సార్లు టిక్ కొట్టాల్సింది ఇంకా ఎక్కువ కొడుతుంది. ఎప్పుడో ఎవరో నూనె ఎక్కువ పోసేశారట.

మొత్తం విప్పి కడిగి, కావలసిన చోట మాత్రమే నూనె పెట్టారు. మెయిన్‌స్ప్రింగ్ (కీ ఇస్తే బిగుసుకుని వాచీని నడిపే స్ప్రింగ్) మార్చాల్సిన అవసరం రాలేదు. కీ ఎక్కువ తిప్పడం వల్లే ఇలా అయిందేమో అన్న అనుమానానికీ దీనికీ సంబంధం లేదు. రెగ్యులేటర్‌ని (వేగం సరిచేసే చిన్న మీట) స్లో వైపు జరపమన్న సలహా పాటించకపోవడమే మంచిదైంది, అసలు రోగం దాగిపోయేది.

ఇప్పుడు రోజుకు 20 సెకన్లే ముందుకు వెళ్తోంది. ఈ వయసు వాచీకి అది చాలా బాగున్నట్టే. నీళ్లకు మాత్రం దూరంగా ఉంచమన్నారు.